అద్దెకొంపలో అక్షరాలు

ఈమధ్య ఒకే వారంలో ఇద్దరు మిత్రులు నాకు రెండు విరుద్ధమైన హితబోధలు చేశారు. "ఇంకా ఈ బ్లాగేమిటి మాస్టారూ, ఫేసుబుక్కులో రాయండి, సాయంత్రానికల్లా వందమంది చదువుతారు" అన్నారొకరు. "ఊరికే ఇచ్చినచోట రాస్తే విలువేముంటుందండీ, డబ్బు పెట్టి సొంత స్థలం కొనుక్కోండి" అన్నారు మరొకరు. ఇద్దరి మాటా నాకు సమ్మతం కాదు. ఎందుకు కాదో విన్నవించుకుంటాను.

మొదటివారికి నా మనవి. వందమంది చదవడం నిజమే కావచ్చు. కానీ మూడోనాటికి ఆ రచన ఎక్కడుందో రాసినవాడికే దొరకదు. ఖాతా లేనివాడికి తలుపే తెరుచుకోదు. తాళ్ళపాకవారి సంకీర్తనలు రాగిరేకులమీద చెక్కినవి గనుక నిలిచాయి. కానీ తిరుమల ఆలయంలో ఒక అరలో ఉండిపోయి, 20వ శతాబ్దం తొలి దశకాలదాకా లోకానికి అందలేదు. నిలవడం ఒక ఎత్తు, అందడం ఒక ఎత్తు. ఈ కొత్త గోడలమీది రాతకు ఆ రెండింటిలో ఏదీ నిశ్చయం కాదు.

రెండవవారికి జవాబు కొంచెం కష్టంతో చెబుతున్నాను. నాతో పనిచేసిన పండితుడొకరు ఛందస్సుమీద ఏళ్ళతరబడి వ్యాసాలు రాసి, తన పేరిట కొన్న స్థలంలో ఉంచారు. ఆయన కాలం చేసిన ఏడాదికే గడువు తీరింది. సంకేతపదం పిల్లలకు తెలియదు, అద్దె కట్టాలన్న సంగతీ తెలియదు. ఇప్పుడు ఆ చిరునామాలో ఏదో జూదం ప్రకటన కనబడుతోంది. నా దగ్గర మిగిలినవి ఆయన ఉత్తరంలో పంపిన నాలుగు వ్యాసాలు మాత్రమే. మిగతావి దాచుకోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. ఆ తప్పు నాది కూడా. డొమైన్ పేరును మనం "కొనడం" అంటాము గానీ, నిజానికది కౌలు. డాట్‌కామ్ పేరును ఒక్కసారిగా పదేళ్ళకు మించి తీసుకోవడానికి వీలే లేదు. పింఛనుదారు పోయాక ఆ కౌలు ఎవరు కడతారు?

అట్లాగని ఉచితమంతా శాశ్వతమని నేననను. జియోసిటీస్ అమెరికాలో 2009 అక్టోబరులో మూతపడింది. యాహూ 360 అదే ఏడాది పోయింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. ఎంత పెద్ద సంస్థ అయినా తనకు అక్కర తీరిన రోజున దీపం ఆర్పుతుంది.

కాబట్టి ఎంత ఖర్చవుతుందన్నది అసలు ప్రశ్న కాదు. రేపు ఇల్లు ఖాళీ చేయమంటే సామాను తీసుకుపోగలమా అన్నది ప్రశ్న. బ్లాగర్, వర్డ్‌ప్రెస్ రెండూ మన టపాలన్నిటినీ ఒక్క మూటగా దింపుకోనిస్తాయి. ఆ వీలు లేనిచోట ఎన్ని సొగసులున్నా నేను కాలుపెట్టను. బ్లాగర్‌లో మన సొంత పేరునూ తగిలించుకోవచ్చు. కౌలు తప్పినా టపాలు బ్లాగర్‌లోనే ఉంటాయి. ఇక యూనికోడ్ సంగతి. తెలుగుకు అందులో 1991 నుంచీ చోటుంది. అయినా తమ సొంత ఫాంట్లలో కొట్టించుకున్నవారి రాతలు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఈనాడు పిచ్చిగీతలు.

బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి ప్రతులు రాయించాడు. తాళపత్రం చిరకాలం ఉంటుందని నమ్మి ఊరుకోలేదు. ఒకే ప్రతి ఉన్న గ్రంథం సగం పోయినట్టే అని ఆయనకు తెలుసు. మనకు తెలియదా?

నేను చేసింది చెబుతాను. టపాలన్నీ దింపి రెండు పెన్‌డ్రైవులలో పెట్టాను. ఒకటి నా బీరువాలో, ఒకటి మనుమరాలి దగ్గర. ముఖ్యమైన పుటలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరిచాను, అది ఉచితమే. గూగుల్ ఖాతాలో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఒక ఏర్పాటుంది. మనం కొన్ని నెలలు కనబడకపోతే మన సరుకు ఎవరికి అప్పగించాలో అందులో ముందే రాసి ఉంచవచ్చు. అక్కడ అమ్మాయి పేరు రాశాను. అంతా కలిపి ఒక ఆదివారం పూట పని.

పొలానికి వీలునామా రాసే మనం అక్షరానికి రాయకపోవడం ఏం న్యాయం? బ్లాగ్మిత్రులారా, కొత్త టపా రేపు రాయవచ్చు. పాతవాటిని ఈరోజే దింపుకోండి.

స్వస్తి.