గట్టు లేనివాడికి గడ్డి పాఠాలు

"అన్నా, రాత్రి ఫంక్షన్ హాల్ అన్నం పెట్టినం. బర్రె పొద్దుగాల నుంచి నెమరేస్తలేదు, పొట్ట ఉబ్బింది. ఏం చెయ్యాలె?"

హైదరాబాద్ పాలవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈ వారం నా చెవిన పడ్డ వాయిస్ మెసేజ్ ఇది. వెంటనే జవాబులు మొదలయ్యాయి. తినే సోడా తాగించమని ఒకరు, నూనె పట్టమని ఇంకొకరు. ఓ పెద్దాయన మాత్రం ముందు డాక్టర్‌కు ఫోన్ కొట్టమన్నాడు. ఆయనదే సరైన మాట. అన్నం ఎక్కువైతే కడుపులో పులిసి ఆమ్లం పెరుగుతుంది, బర్రె ప్రాణం మీదికొస్తుంది. ఆ కబురు డాక్టర్ కంటే ముందు గ్రూపుకెందుకు పోయిందన్నదే నా మంట.

ఏర్పాట్లకు లోటు లేదు. 2004లో కిసాన్ కాల్ సెంటర్, 2020లో ఈ-గోపాల యాప్, సంచార పశువైద్యానికి 1962 నంబరు. కాల్ సెంటర్ పలికేది ఉదయం 6 తర్వాతే. పాలవాడు పొదుగు మీద చెయ్యి వేసేది తెల్లవారుజామున. పొదుగువాపు కనబడేదీ అప్పుడే. ఇక సలహాలంటారా, పది సెంట్లలో నేపియర్ గడ్డి వెయ్యండి, గట్ల మీద సుబాబుల్ నాటండి! బర్రె పక్కకు తిరగడానికే చోటులేని కొట్టంలో గట్టెక్కడిది? పట్నంలో గడ్డిమోపు కొనాల్సిందే. మెతుకుల సంగతి, ప్లాస్టిక్ సంచులు మింగే బర్రెల సంగతి చెప్పండయ్యా.

పైగా యాప్ అంటే చదవాలి, నొక్కాలి, ఓటీపీ కొట్టాలి. పేడ చేతులకు అది కుదిరే పనా? అందుకే ఎవరేమన్నా నా ఓటు రేడియోకే. ఆకాశవాణి పాడిపంటల ముచ్చట్లు పాలు పిండుతూనే వినొచ్చు. ఇప్పుడు ఆ పని వాయిస్ మెసేజ్ చేస్తోంది, కాకపోతే అందులో తప్పు దిద్దే డాక్టర్ గొంతు లేదు. బర్రె చెవికి 12 అంకెల ట్యాగ్ వేసేటప్పుడు యజమాని ఫోన్ నంబరూ రాసుకుంటారు కదా! గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి. ఫలానా రోజు మీ బస్తీకి వస్తున్నామని తెలుగులోనో దక్కనీలోనో ఆ నంబరుకు నాలుగు మాటలు పంపితే సొమ్మేం పోతుంది? రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది. అక్కడి డాక్టర్లలో ఒకరిద్దరు ఈ గ్రూపుల్లో కూర్చోలేరా?

సలహా గడప దాకా రాదు గానీ, పేడ మోరీలో పడితే మాత్రం మున్సిపాలిటీ నోటీసు ఇంటికే నడిచొస్తుంది. అర్జీ పెట్టేది అపార్ట్‌మెంట్‌వాళ్లు. కళ్లముందు పిండిన చిక్కటి పాలే కావాలి, బర్రె మాత్రం ఊరవతల ఉండాలి! పాలు తాగే హక్కు మీదైతే, కట్టుకొయ్యకు జానెడు జాగా అడిగే హక్కు పాలవాడిదే.