బొంగరం అబద్ధం చెబితే

పాత ఇల్లు కొన్నవాళ్ళు ముందుగా వంటగది మీద పడతారు. పాత విమానం కొన్నవాళ్ళు పానెల్ మీద పడతారు. పానెల్ అంటే పైలట్ ఎదురుగా గడియారాల్లాంటి డయల్స్ బిగించి ఉండే పలక. మన కార్లో డాష్‌బోర్డ్ లాంటిదే అనుకోండి. దాన్ని మార్పించడానికి ఎంతవుతుందో విని గుండె గుభేలుమన్న వాళ్ళు అమెరికాలో చాలామందే ఉన్నారు. ఈ మధ్య మేమూ ఆ జాబితాలో చేరాం.

ముందు ఈ 'మేము' ఎవరో చెప్పాలి. ఇక్కడ టెక్సాస్‌లో నలుగురం కలిసి ఒక సెస్నా 172 కొనుక్కున్నాం. 1976లో తయారైంది. నలుగురిలో ఇద్దరం తెలుగువాళ్ళం. సొంత విమానం అనగానే 'అబ్బో' అనుకోకండి. తలా పడిన వాటా ఒక కొత్త కారు ఖరీదు కూడా లేదు. నాలుగు సీట్లు, ఒకే ఇంజిను, గంటకు 130 మైళ్ళ దరిదాపు వేగం, అంతే. 1956 నుంచి ఈ రకం 44 వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో ఇంత ఎక్కువ సంఖ్యలో తయారైన విమానం మరొకటి లేదు. మన దేశంలో పైలట్ ట్రైనింగ్ ఇచ్చే చోట్ల కూడా ఇది కనిపిస్తుంది.

అర్ధ శతాబ్దం నాటి విమానంలో ఎగరడమేమిటని మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. ప్రతి ఏడాదీ మెకానిక్ మొత్తం విప్పి చూసి సంతకం పెడితేగానీ అది నేల వదలకూడదు. ఇంజిన్ని సుమారు 2,000 గంటలకోసారి పూర్తిగా విప్పి బాగుచేయించాలని తయారుచేసినవాళ్ళే చెబుతారు. అంచేత రేకుకీ ఇంజినుకీ వయసుతో పెద్ద పేచీ లేదు. అసలు వయసంతా పానెల్లో దాక్కుని ఉంటుంది.

పాత పానెల్లో ముఖ్యమైనవి ఆరు డయల్స్. వేగం చెప్పేది ఒకటి, ఎత్తు చెప్పేది ఒకటి, ఎంత జోరుగా పైకెళ్తున్నామో కిందికి దిగుతున్నామో చెప్పేది ఒకటి. ఈ మూడూ బయటి గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. మిగిలిన మూడింటిలో ఉన్నవి బొంగరాలు. జైరోస్కోప్ అంటే బొంగరమే కదా, జోరుగా తిరిగేటప్పుడు ఎటూ ఒరగదు. దాని ఆధారంగా విమానం పక్కకి ఒరిగిందా, ముక్కు పైకుందా కిందికుందా అని ఒక డయల్, ఏ దిక్కుకి పోతున్నామో ఇంకో డయల్ చూపిస్తాయి. మూడోది ఎంత తొందరగా మలుపు తిరుగుతున్నామో చెబుతుంది. అది మాత్రం కరెంటు మీద నడుస్తుంది. మొదటి రెండిట్లో బొంగరాల్ని తిప్పేది గాలి. ఇంజినుకి తగిలించిన వాక్యూమ్ పంప్ గాలిని లాగుతూ ఉంటే అవి తిరుగుతూ ఉంటాయి.

పట్టపగలు, ఎండలో ఈ బొంగరాలతో పెద్ద పనిలేదు. కిటికీలోంచి చూస్తే నేలా ఆకాశం కలిసే గీత కనిపిస్తూనే ఉంటుంది. మబ్బులోకి వెళ్ళామా, ఆ గీత మాయమవుతుంది. అప్పుడు మన చెవి మనకే శత్రువు. చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడి ఆగిపోయాక కూడా భూమి గిర్రున తిరుగుతున్నట్టే ఉండేది, గుర్తుందా? చెవి లోపలి గొట్టాల్లో ఉన్న ద్రవం చేసే గారడీ అది. విమానం మెల్లగా ఒక పక్కకి తిరుగుతూ పోతే కాసేపటికి ఆ ద్రవం సర్దుకుంటుంది. మలుపులో ఉన్నా తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది. ముక్కు కిందికి జారి ఎత్తు తగ్గుతుంటే పైలట్ కంగారుగా స్టీరింగ్ వెనక్కి లాగుతాడు. ఒరిగి ఉన్న విమానాన్ని అలా లాగితే అది లేవదు, సుడి ఇంకా బిగుస్తుంది.

1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో దీన్ని పరీక్షించి చూశారు. మబ్బులో ఎగరడం నేర్చుకోని పైలట్లను ఇరవై మందిని ఎంచి, బయట ఏమీ కనబడకుండా చేసి విమానం నడపమన్నారు. ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున పట్టిన సమయం 178 సెకన్లు. అంటే మూడు నిమిషాలైనా లేదు. ఇన్‌స్పెక్షన్ కాగితం మీద సంతకాలెన్ని ఉన్నా, మబ్బులో మన ప్రాణం ఆ ఒక్క డయల్ చేతిలో ఉంటుంది.

ఆ డయల్ ప్రాణం వాక్యూమ్ పంప్ చేతిలో ఉంటుంది. పంపులో తిరిగేవి కార్బన్ రేకులు. అవి అరిగి అరిగి ఒకరోజు చెప్పాపెట్టకుండా విరిగిపోతాయి. అక్కడితో ఆగితే బాగుండును. పంప్ ఆగినా బొంగరం వెంటనే ఆగదు. వేగం తగ్గుతూ నెమ్మదిగా ఒరుగుతుంది. డయల్ మీద బొమ్మ కూడా దాంతోపాటే ఒరుగుతుంది. దాన్ని నమ్మిన పైలట్ బాగానే ఉన్న విమానాన్ని 'సరిచేస్తాడు'. చచ్చిపోయిన పరికరం కంటే అబద్ధమాడే పరికరం ప్రమాదం.

పంప్ ఏ కారణంగా ఆగినా, డయల్ మరే కారణంగా పాడైనా, మబ్బులో ఉన్నవాడికి కష్టం ఒకటే. 2000 అక్టోబర్ 16 రాత్రి మిస్సోరీ గవర్నర్ మెల్ కార్నహాన్ చిన్న విమానంలో ప్రచారానికి వెళ్తున్నారు. నడుపుతున్నది ఆయన కొడుకే. వాన, గాలి కుదుపులు. ఎడమవైపు ఉన్న ముఖ్యమైన డయల్ పనిచేయడం లేదని పైలట్ రేడియోలో చెప్పాడు. తల తిప్పి కుడి పక్క సీటు ముందున్న రెండో డయల్ చూసుకుంటూ నడిపే ప్రయత్నంలో ఉన్నాడు. విమానం కూలి అందులో ఉన్న ముగ్గురూ పోయారు. పైలట్‌కి దిక్కుతోచని స్థితి ఏర్పడిందనీ, డయల్ చెడిపోవడం, వాతావరణం అందుకు తోడయ్యాయనీ విచారణలో తేల్చారు. మూడు వారాల తర్వాత జరిగిన సెనేట్ ఎన్నికలో చనిపోయిన కార్నహానే గెలిచారు.

మరి ఇంత తెలిసీ ఇన్నేళ్ళు ఎందుకు మార్చుకోలేదంటారా? రూల్స్. ఫ్యాక్టరీలో తయారైన విమానంలో బిగించే ప్రతి వస్తువుకీ ప్రభుత్వ ఆమోదం ఉండాలి. ఆ ఆమోదం తెచ్చుకునే ఖర్చంతా వస్తువు ధర మీదకి ఎక్కుతుంది. అదే ఇంట్లో గరాజ్‌లో సొంతంగా విమానం కట్టుకున్నవాడైతే చవకైన ఎలక్ట్రానిక్ డిస్‌ప్లే హాయిగా పెట్టుకోవచ్చు. గరాజ్‌లో పుట్టిన విమానానికి కొత్త పరికరం, ఫ్యాక్టరీలో పుట్టినదానికి పాత బొంగరం. ఈ విడ్డూరం ఏళ్ళ తరబడి నడిచింది. 2016లో గానీ దారి తెరుచుకోలేదు. ఆ ఏప్రిల్‌లో డైనాన్ కంపెనీ డిస్‌ప్లేని కొన్ని పాత సెస్నాల్లో, పైపర్లలో పెట్టుకోవడానికి అనుమతి వచ్చింది. జులైలో గార్మిన్ తన జీ5 పరికరానికి అనుమతి తెచ్చుకుంది. అప్పటి ధర బిగింపు కూలి కాకుండా ఐదు వేల డాలర్ల లోపే. పాత డయల్ ఉన్న గుండ్రటి కంతలోనే ఇమిడిపోతుంది. లోపల తిరిగేది ఏదీ లేదు. నాలుగు గంటల దాకా వచ్చే బ్యాటరీ దాని వీపునే ఉంటుంది.

ఈ బ్యాటరీ సంగతి ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. పాత ఏర్పాటులో ఒక గుణం ఉండేది. రెండు బొంగరాలు గాలితో, మూడోది కరెంటుతో నడవడం వల్ల ఒకటి పోతే ఇంకొకటి ఉండేది. అన్నీ కరెంటు మీదకి మార్చి, ఆల్టర్నేటర్ పోయినరోజు అన్నీ ఒకేసారి చీకటైతే ఆ మార్పు దేనికి? అందుకే సొంత బ్యాటరీ లేని డిస్‌ప్లేని నేనైతే ఊరికే ఇచ్చినా వద్దంటాను.

ఇక మా గొడవకొద్దాం. షాపు ఇచ్చిన పెద్ద కొటేషన్ 58 వేల డాలర్లు. విమానం కొన్నది 62 వేలకి! మా నలుగురిలో చిన్నవాడు, రెండో తెలుగువాడు, ఆ కాగితం చూసి మురిసిపోయాడు. "అన్నా, ఎలాగూ విప్పుతున్నాం కదా, ఒకేసారి మొత్తం గ్లాస్ చేసేద్దాం. రెండు పెద్ద స్క్రీన్లు, కొత్త జీపీఎస్, ఆటోపైలట్. మళ్ళీ మళ్ళీ కూలీ దండగ కదా?"

కూలి మాట నిజమే. పాత పానెల్ విప్పడమంటే పాత ఇంటి గోడ పగలగొట్టడమే. లోపల ఎవరు ఎప్పుడు ఏ వైరు ఎక్కడ కలిపారో విప్పితేగానీ తెలీదు. ఇరవై ఏళ్ళ క్రితం తీసేసిన రేడియో తాలూకు వైర్లు ఇంకా అక్కడే వేలాడుతుంటాయి. గంటల లెక్కన కూలి. మంచి షాపులో వంతు రావడానికే నెలలు పడుతుంది. ఆ తర్వాత ప్రభుత్వానికి కాగితాలు, కొత్తగా బరువు లెక్క. పంప్, గొట్టాలు, పాత జైరోలు పోయాక విమానం కొన్ని పౌన్లు తేలికవుతుంది కాబట్టి ఆ లెక్క మాత్రం సంతోషంగానే ఉంటుంది. కానీ పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగొస్తుందనుకోవడం భ్రమ. పెళ్ళి ఖర్చు లాంటిదే ఇదీ. జీపీఎస్ మ్యాపుల్ని 28 రోజులకోసారి కొత్తవి చేసుకుంటూ ఉండాలి, దానికి చందా వేరే.

నా పేచీ డబ్బుతో కాదు, వరసతో. చిన్న విమానాల్లో గ్లాస్ పానెల్స్ మీద ఇక్కడి ప్రమాద విచారణ సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2010లో ఒక అధ్యయనం బయటపెట్టింది. 2002 నుంచి 2006 మధ్య తయారైన ఒకే రకం విమానాల్లో పాత డయల్స్ ఉన్నవాటినీ స్క్రీన్లు ఉన్నవాటినీ పోల్చి చూశారు. స్క్రీన్లు ఉన్నవాటికి మొత్తం ప్రమాదాలు తక్కువే. ప్రాణాలు పోయిన ప్రమాదాల రేటు మాత్రం ఎక్కువ! వాటిలో దూరప్రయాణాలు, మబ్బుల్లో ప్రయాణాలు ఎక్కువ చేస్తారన్నది ఒక కారణం. పరికరానికి తగ్గ శిక్షణ ఉండాలని ఆ సంస్థ గట్టిగా చెప్పింది.

ఇంతకన్నా పాత కథ ఒకటుంది. 1959 ఫిబ్రవరి 3న పాటగాడు బడ్డీ హాలీ, మరో ఇద్దరు గాయకులు ఎక్కిన చిన్న విమానం అయోవాలో మంచు కురిసే రాత్రి కూలిపోయింది. పైలట్ వయసు 21. ఆ విమానంలో ఉన్న స్పెర్రీ కంపెనీ డయల్ ముక్కు పైకీ కిందికీ వెళ్ళడాన్ని, అతను నేర్చుకున్న డయల్‌కి సరిగ్గా తలకిందులుగా చూపించేది. పరికరాల మీదే ఆధారపడి ఎగరడానికి అతనికి అర్హతా లేదు. విచారణ నివేదికలో ఆ డయల్‌తో పరిచయం లేకపోవడాన్ని కూడా కారణాల్లో చేర్చారు. డయల్ పాడవలేదు. అతని కంటికి అది కొత్త, అంతే.

వాతావరణం బొమ్మ కూడా అలాంటిదే. 2020 జనవరి 1 నుంచి పెద్ద విమానాశ్రయాల చుట్టుపక్కల ఎగరాలంటే ఏడీఎస్-బీ పరికరం తప్పనిసరి అయింది. మన విమానం ఎక్కడుందో సెకనుకోసారి అది చెబుతుంది. రిసీవర్ కూడా ఉంటే వాన మేఘాల రాడార్ బొమ్మ ఐప్యాడ్ మీదకి ఉచితంగా వస్తుంది. ఎంత ముచ్చటగా ఉంటుందో! కానీ ఆ బొమ్మ మీద వేసిన సమయం కన్నా అసలు వాన కబురు కొన్నిసార్లు పదిహేను, ఇరవై నిమిషాలు పాతదై ఉండొచ్చని ఎన్‌టీఎస్‌బీ 2012లోనే హెచ్చరించింది. రంగుల మధ్య సందు కనిపిస్తోంది కదాని దూరితే, ఆ సందు ఎప్పుడో మూసుకుపోయి ఉండొచ్చు.

మన ఊళ్ళలో పిల్లల్ని పైలట్ చదువుకి పంపేవాళ్ళు కూడా ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి. ట్రైనింగ్ అంతా కొత్త 172లో స్క్రీన్ల మీద చేసి, గంటలు పెంచుకోవడానికి ఆరు డయళ్ళ పాత విమానం ఎక్కే పిల్లలుంటారు. ఎక్కేముందు ఇన్‌స్ట్రక్టర్‌తో ఎన్ని గంటలు ఇస్తారో ఆ స్కూల్‌ని మొహమాటపడకుండా అడగండి.

మా ఇంట్లో మా ఆవిడ స్క్రీన్ల బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి ఒకే ప్రశ్న వేసింది. "ఇది ఆగిపోతే?" మా పిల్లలిద్దరూ వెనక సీట్లలో కూర్చుంటారు మరి. ఆ ప్రశ్నతోనే మా వరస తేలింది. మొదట పంప్ పోవాలి. దాని మీద నడిచే రెండు డయల్స్ స్థానంలో రెండు జీ5లు. ఒకటి ఆగితే రెండోది దాని పని అందుకుంటుంది. వేగం, ఎత్తు చెప్పే పాత డయల్స్ పక్కనే ఉంటాయి. తర్వాత డబ్బు కూడినప్పుడు ఆటోపైలట్. మబ్బులో తికమకపడ్డ మనిషికి రెక్కలు తిన్నగా ఉంచిపెట్టే ఆ ఒక్క బటన్, రంగుల మ్యాప్ కన్నా ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. పెద్ద స్క్రీన్లు ఆ తర్వాతే.

"పెద్ద స్క్రీన్ ఎప్పుడన్నా?" అని చిన్నవాడు ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

విమానం ఇప్పుడు షాపులో ఉంది. పంప్ తీసేసిన చోట ఇంజినుకి చిన్న రేకు మూత బిగించారు. మిగిలిన డబ్బులో కొంత తీసి నలుగురికీ తలా ఐదు గంటలు ఇన్‌స్ట్రక్టర్‌ని మాట్లాడాం. బయట ఏమీ కనబడకుండా టోపీ పెట్టి, ఒక జీ5 ఆపేసి నడిపిస్తారట. ఆ ఐదు గంటలూ అయ్యేదాకా వెనక సీట్లు ఖాళీయే.