ప్లేటు వేసే ముందు

మనం సూర్యలంక పోయేది అలలు చూడ్డానికి. ఈసారి వల లాగే చేతుల్ని చూడండి. వాళ్ల బతుకంతా మణికట్టు మీదే!

పడవలో జారి చెయ్యి మోపి పడితే మణికట్టులో చిన్న ఎముక విరగొచ్చు. బెణుకేలే అని వదిలేస్తే, ఏళ్ల తరవాత కీలు అరిగి నొప్పి నిలవనీయదు. అప్పుడు మిగిలే మార్గాల్లో ఒకటి కీలును శాశ్వతంగా అతికించడం. ముంజేతి ఎముక నుంచి మధ్యవేలి కిందనుండే అరచేతి ఎముక దాకా స్టీలు లేక టైటానియం ప్లేటు పెట్టి స్క్రూలతో బిగిస్తారు. చాలామందికి నొప్పి తగ్గుతుంది; వేళ్లు ఆడతాయి, అరచెయ్యి తిరుగుతుంది. కాని మణికట్టు ఇక వంగదు.

కలం పట్టేవాడికి అది చిన్న లోటే కావచ్చు. తెడ్డు వేసేవాడికో?

అందుకే నేననేది, ఆపరేషనుకు ముందు కొన్నాళ్లు పిండికట్టు వేసి మణికట్టును కదలనీయకుండా ఉంచాలి. ఇది వైద్యులకు తెలిసిన పద్ధతే. వల పట్టి చూసుకోనీండి, అన్నం కలిపి చూసుకోనీండి. ఆ తరవాత ఒప్పుకుంటావా అని తెలుగులో అడగండి. అర్థంకాని ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే అది అంగీకారం కాదు.

రేపు డాక్టర్లు కాబోయే మిత్రులారా, మరచిపోకండి: చెయ్యి అతనిది!