మన సాక్ష్యం మీద ఎవరి రాతా పడరాదు

చీరాల నుండి పర్చూరు పోయే దారిలో, కారంచేడు దాటాక కొంత దూరంలో ఒక చిన్న మసీదు ఉన్నది. 2025 చివరి నెలల్లో, వక్ఫ్ ఆస్తుల వివరాలను ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించే గడువు ముంచుకొస్తున్న రోజుల్లో, మేము ఆ మసీదు కమిటీ గదిలో కూర్చున్నాము. ఖబరస్తాన్ కాగితాలు కావాలి. అసలు కాగితాలను చెదలు తినివేసి చాలా కాలమైంది. అయినా పెద్దలకు ఒక ధైర్యం ఉండేది. ఇరవై ఏళ్ళ క్రితం ఊరి కుర్రవాళ్ళు శ్రద్ధ తీసుకొని ఆ కాగితాలను స్కాన్ చేసి, హద్దురాళ్ళకు ఫొటోలు తీసి, కమిటీ కంప్యూటర్‌లో భద్రపరిచారు. ఆ కంప్యూటర్ ఇప్పుడు పనిచేయదు గానీ దానిలోని హార్డ్‌డిస్కు ఉన్నది.

ఉన్నదనే అనుకున్నాము. మేము వెళ్ళడానికి వారం ముందు దానిని ఒక కంప్యూటర్ దుకాణానికి పంపారు. దుకాణంలోని అబ్బాయి మామూలు అడాప్టర్‌తో దానిని తన కంప్యూటర్‌కు తగిలించాడు. డిస్కును ఫార్మాట్ చేయమంటారా అని తెర అడిగింది. అతడు అవునని నొక్కాడు. తప్పు తెలిసిన తరువాత, పోయిన ఫైళ్ళను వెతికిపెట్టే ప్రోగ్రాము నడిపి, దొరికినవాటిని మళ్ళీ అదే డిస్కులో దాచాడు. అంటే ఎక్కడ తవ్వి తీయాలో అక్కడే మట్టి పోశాడు. చివరకు దక్కినవి కొన్ని పెళ్ళి ఫొటోలు, సగం సగం తెరుచుకునే హద్దురాళ్ళ బొమ్మలు. టైటిల్ డీడ్ స్కాన్ లేదు, పాత అడంగల్ నకలు లేదు.

ఆ అబ్బాయిని మేము నిందించడం లేదు. అతనికి అప్పగించింది పాటల డిస్కు కాదని, ఒక ఊరి సమాధుల మీది హక్కు అని ఎవరూ చెప్పలేదు. నిందించవలసింది మనలను. నగల పెట్టెకు తాళం వేస్తాం, హక్కు పత్రాలున్న డిస్కును ప్లాస్టిక్ సంచిలో వేసి ఎవరి చేతికైనా ఇస్తాం.

చదవడానికి తగిలించినంత మాత్రాన ఏమవుతుందని చాలామంది అడుగుతారు. చాలా అవుతుంది. మామూలు తీగతో డిస్కును కలిపిన మరుక్షణం కంప్యూటర్ దానిని తన సొంత వస్తువుగా భావిస్తుంది. తన లెక్కల కోసం అందులో ఒక దాగిన ఫోల్డరును తెరుస్తుంది. తప్పులున్నాయనిపిస్తే సరిదిద్దుతానంటుంది. వైరస్ సోకిందనుకుంటే యాంటీవైరస్ మనలను అడగకుండానే ఫైలును తొలగించవచ్చు. ఒక్క పత్రాన్నీ మనం తెరవకముందే డిస్కు నిన్నటి డిస్కు కాకుండా పోతుంది. రేపు ట్రిబ్యునల్‌లో ఎదుటి పక్షం న్యాయవాది అడిగేది ఒకే ప్రశ్న: ఈ డిస్కు మీద చివరిసారి రాసినది ఎప్పుడు, ఎవరు? పోయిన వారమే, మా వాళ్ళే అని చెప్పుకోవలసి వస్తే, అందులోని ఇరవై ఏళ్ళ నాటి నిజం కూడా అనుమానపు నీడలోకి పోతుంది.

దీనికి మందు ఉన్నది. అరచేతిలో పట్టే పెట్టె. పేరు రైట్ బ్లాకర్. డిస్కుకూ కంప్యూటర్‌కూ నడుమ దీనిని పెడతారు. చదవమనే ఆజ్ఞలను డిస్కు వరకు పోనిస్తుంది, రాయమనే ఆజ్ఞలను మధ్యలోనే ఆపివేస్తుంది. పొరపాటున ఫార్మాట్ మీద నొక్కినా డిస్కుకు ఏమీ కాదు. ఇరవై ఏళ్ళ నాటి డిస్కులు చాలావరకు వెడల్పాటి పట్టీ తీగ తగిలే ఐడీఈ రకానివి, తరువాతివి సన్నని సాటా రకానివి. రెండింటికీ పనికివచ్చే పెట్టె చూసుకోవాలి. డెస్క్‌టాప్‌లలోని పెద్ద డిస్కులకు కరెంటు వేరుగా అందించాలి. మామూలు అడాప్టర్ వందల రూపాయల్లో వస్తుంది, నమ్మదగిన రైట్ బ్లాకర్‌కు వేలల్లో అవుతుంది. ప్రతి మసీదూ కొనవలసిన పని లేదు. జిల్లాకు ఒకటి చాలు. జనాజా పెట్టె ఊరందరికీ ఒకటే కదా.

పెట్టె తగిలించాక కావలసిన నాలుగు ఫైళ్ళు లాక్కొని సరిపెట్టుకోకూడదు. మొదటి అరనుండి చివరి అర వరకు, ఖాళీగా కనిపించే చోటుతో సహా, డిస్కు మొత్తానికి ఒకే అచ్చు ప్రతి తీయాలి. చెరిపేసిన ఫైళ్ళ ఆనవాళ్ళు ఆ ఖాళీలోనే ఉంటాయి. తరువాత ఆ ప్రతికి హ్యాష్ విలువ లెక్కించాలి. షా-256 పద్ధతిలో అది 64 అక్షరాల, అంకెల వరుస. డిస్కుకు వేలిముద్ర వంటిది. లక్ష పేజీలలో ఒక్క చుక్క మారినా వరుస మొత్తం మారిపోతుంది. ఆ వరుసను కాగితం మీద రాసి, తేదీ వేసి, ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే, ఆ ప్రతిని ఆ తరువాత ఎవరూ తాకలేదని ఎన్నేళ్ళకైనా చూపవచ్చు. అప్పు పుచ్చుకుంటే రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి అని నేర్పడానికి ఖురాన్‌లోకెల్లా పొడవైన ఆయత్ కేటాయించబడిన సమాజం మనది. ఈ పని మనకు కొత్త కాకూడదు.

అన్నిటికీ ఈ పెట్టె సరిపోదు. లోపల టకటక శబ్దం చేసే డిస్కును దేనికీ తగిలించకుండా నిపుణులకే ఇవ్వాలి. కొత్త తరహా ఎస్‌ఎస్‌డీలు కరెంటు అందగానే తమలో తాము సర్దుబాట్లు చేసుకుంటాయి, బయటి పెట్టె వాటిని ఆపలేదు.

ఇదంతా ఎన్నేళ్ళ కోసం? కారంచేడు పేరు చెప్పినవారికి ఆ లెక్క తెలియకుండా ఉండదు. 1985 జూలై 17న ఆ ఊరిలో ఆరుగురు మాదిగలను చంపారు. బతికినవారు చీరాలకు వచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. కింది కోర్టు శిక్షలు వేసింది, హైకోర్టు కొట్టివేసింది, 2008 డిసెంబరులో గానీ సుప్రీంకోర్టు తీర్పు రాలేదు. 23 సంవత్సరాలు. తెనాలి పక్కన చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపితే, 2007లో ప్రత్యేక న్యాయస్థానం వేసిన శిక్షలను 2014లో హైకోర్టు రద్దు చేసింది. బలహీనుల వ్యాజ్యం ఈ దేశంలో ఒక తరం నడుస్తుంది. హార్డ్‌డిస్కు ఒక తరం బతకదు. అయిదారేళ్ళు దాటితే దానిని నమ్మడం సాహసమే. ఆ దళిత సోదరుల పక్షాన నిలిచింది మనుషుల జ్ఞాపకం. మన చేతిలో జ్ఞాపకంతో పాటు డిస్కులు కూడా ఉన్నాయి, వాటిని మనమే చంపుకుంటున్నాము.

ఇంతవరకు మన తప్పు. ఇక పోలీసు వ్యవస్థ సంగతి.

2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక హైదరాబాదులో పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయిన సంగతి మన ఇళ్ళలో ఇంకా మానని గాయం. నాడు సోదాలో పుస్తకాలు, కాగితాలు వెతికేవారు. నేడు ముందుగా పట్టుకుపోయేది ఫోను, ల్యాప్‌టాప్. కాగితం మీద కొత్త వాక్యం చేరిస్తే సిరా పట్టిస్తుంది. డిస్కులో చేరిస్తే ఏది పట్టిస్తుంది?

భీమా కోరేగావ్ కేసు ఈ ప్రశ్నకు జవాబు. రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ను పుణె పోలీసులు 2018 ఏప్రిల్ 17న స్వాధీనం చేసుకున్నారు. మన తెలుగు కవి వరవరరావుతో సహా ఎందరినో జైలుకు పంపిన ఆ కేసులో ప్రధాన ఆధారాలు అందులో దొరికాయన్న లేఖలు. కోర్టు ద్వారా నిందితులకు అందిన డిస్కు అచ్చు ప్రతిని అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ సంస్థ పరిశీలించింది. 2021 ఫిబ్రవరిలో బయటికి వచ్చిన నివేదికలో ఆ సంస్థ చెప్పినది ఇది: జప్తుకు ముందు 22 నెలలపాటు ఒక చొరబాటుదారుడు ఆ ల్యాప్‌టాప్‌లో తిష్ఠ వేశాడు, పది లేఖలను దాగిన ఫోల్డరులో పెట్టాడు, ఆ మనిషి వాటిని తెరిచిన ఆనవాలే లేదు. చొరబాటు మొదలైంది వరవరరావు ఈమెయిల్ ఖాతా నుండి ఎవరో పంపిన సందేశాలతో. ఎన్‌ఐఏ ఈ నిర్ధారణలను ఒప్పుకోలేదు. ఫాదర్ స్టాన్ స్వామి కంప్యూటర్‌లోనూ ఇలాగే ఫైళ్ళు చొప్పించారని అదే సంస్థ 2022 డిసెంబరులో చెప్పింది. అప్పటికి ఆయన కన్నుమూసి ఏడాది దాటింది.

ఇక్కడ ఒక మాట సరిగ్గా అర్థం చేసుకోవాలి. జప్తుకు ముందే జరిగిన చొరబాటును రైట్ బ్లాకర్ ఆపలేదు. కానీ చొరబడినవాడి అడుగుజాడలు చెరగకుండా మిగలాలంటే, జప్తు తరువాత డిస్కు మీద ఒక్క కొత్త అక్షరం కూడా పడకూడదు. నిందితునికి మిగిలిన ఒకే ఆశ ఆ అచ్చు ప్రతి. అందుకే పంచనామా జరిగే చోటనే హ్యాష్ విలువ రాసి, దాని నకలు ఇంటివారి చేతికి ఇవ్వాలని మేము కోరుతున్నాము. స్టేషన్‌కు తీసుకుపోయి, వారం తరువాత లెక్కించిన హ్యాష్ ఆ వారంలో ఏమి జరిగిందో చెప్పదు.

చట్టం ఈ దారిలో సగం వచ్చి ఆగింది. 2024 జూలై 1 నుండి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద, కోర్టులో పెట్టే ఎలక్ట్రానిక్ రికార్డుకు జతపరిచే ధ్రువపత్రంలో హ్యాష్ విలువ రాయాలి. నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ సోదాను వీడియో తీయమంటుంది. హ్యాష్ మాట మాత్రం అందులో లేదు. పెట్టెను ఎత్తుకుపోవడం వీడియోలో కనిపిస్తుంది, పెట్టెలో ఏమున్నదో కనిపించదు. డిజిటల్ పరికరాల జప్తుకు మార్గదర్శకాలు రూపొందించమని 2023 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. కేంద్రం తాత్కాలికంగా సీబీఐ మాన్యువల్ పాటిస్తామన్నది. మాన్యువల్ పోలీసుకు పాఠం, పౌరునికి హక్కు కాదు.

కాగితాలు ప్రభుత్వ బోర్డులో భద్రంగా ఉన్నాయి, మనకెందుకీ తాపత్రయం అని మన పెద్దలే కొందరు అంటారు. 2017 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం వక్ఫ్ బోర్డు రికార్డు గదికి సీలు వేసింది. అవినీతిని అరికట్టడానికే అన్నారు. తరువాత తన కేసులలో తన కాగితాలు చూపడానికి బోర్డే అవస్థ పడింది. ఇతరుల తాళం కింద ఉన్న సాక్ష్యం మనది ఎలా అవుతుంది? 2025 సవరణ తరువాత, పత్రం లేని వాడుక వక్ఫ్‌కు మునుపటి రక్షణ లేని ఈ రోజుల్లో, ఒక పాత అడంగల్ స్కాన్ విలువ ఎంతో వేరుగా చెప్పాలా?

మరొక మాట చెప్పడం కొందరికి రుచించకపోవచ్చు. రైట్ బ్లాకర్ పోలీసు చేతినే కాదు, మన చేతినీ కట్టివేస్తుంది. చిన్న తేదీ సరిచేస్తే ఏమి, హద్దు వైపు ఒక గీత గీస్తే ఏమి అని అడిగినవారిని మేము చూశాము. అటువంటి ఒక్క గీత దొరికితే చాలు, పక్క ఊరి నిజమైన పత్రాన్ని కూడా అబద్ధమంటారు. మన డిస్కు మనకు కూడా రాయడానికి వీలులేనిదిగానే ఉండాలి.

ఆ మసీదు గదిలో బీరువా పై అరలో ఇంకొక డిస్కు దొరికింది. అదే కుర్రవాళ్ళు అప్పట్లో తీసిపెట్టిన రెండవ ప్రతి కావచ్చునని కమిటీ అధ్యక్షుడు అన్నారు. దానిని దేనికీ తగిలించవద్దని చెప్పి, పొడి గుడ్డలో చుట్టి, కవరులో పెట్టి, అంచున ఇద్దరు పెద్దల చేత సంతకాలు చేయించాము. కవరు మీద తేదీ వేశాము. రైట్ బ్లాకర్ కొనడానికి జిల్లాలోని మసీదు కమిటీలకు ఉత్తరాలు రాశాము. ఇప్పటికి మూడు కమిటీలు సరేనన్నాయి.