కడుపు కోసినందుకే పొట్ట వచ్చిందా?

ప్రశ్న: నా వయసు 29. ఇద్దరు పిల్లలు. రెండు కాన్పులూ సిజేరియనే. రెండోసారి అప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషను కూడా చేశారు. చిన్నవాడికి పదకొండో నెల, ఇంకా నా పాలే తాగుతున్నాడు. నా పొట్ట మాత్రం తగ్గలేదు. మొన్న ఒక పెళ్ళిలో నలుగురిలో ఒకావిడ "మళ్ళీ నీళ్ళోసుకున్నావా?" అని అడిగింది. నడుముకు గుడ్డ గట్టిగా కట్టుకోనందువల్లేనని మా అత్తగారు అంటారు. రెండుసార్లు కోసినందువల్లని మా అమ్మ అంటుంది. "టమ్మీ టక్" ఆపరేషను చేయించుకుంటే నెల తిరక్కుండా మామూలు మనిషిని కావచ్చని ఫోనులో ప్రకటన చూశాను. నా గాజులు అమ్మి చేయించుకుందామని వుంది. మావారికి ఇంకా చెప్పలేదు. చేయించుకోవచ్చునా?
— పేరు వేయవద్దన్న సోదరి, తణుకు

జవాబు: ఇప్పుడు వద్దు. ఎందుకు వద్దో చెప్పేముందు మీ ఇంట్లో తగువు తీర్చాలి. మీ అత్తగారి మాటా నిజం కాదు, మీ అమ్మగారి మాటా పూర్తిగా నిజం కాదు.

మన పొట్ట ముందు భాగంలో పక్కటెముకల నుంచి పొత్తికడుపు దాకా రెండు కండరాల పట్టీలు నిలువుగా దిగుతాయి. ఆ రెండింటినీ మధ్యలో ఒక నారపొర కలిపి వుంచుతుంది. గర్భం పెరిగేకొద్దీ ఆ పొర సాగి, పట్టీలు పక్కలకు జరుగుతాయి. ఇది మామూలు కాన్పు అయిన తల్లికీ జరుగుతుంది. సిజేరియన్‌లో ఈ కండరాలను సాధారణంగా కోయరు. చర్మమూ, కొవ్వూ, దానికింది గట్టి పొరా కోసి, కండరాలను పక్కకు తొలగించి గర్భసంచిని చేరతారు. కనుక పొట్ట సాగింది బిడ్డను మోసినందుకు. పిల్లలు పుట్టకుండా చేసిన ఆపరేషనుకూ దీనికీ సంబంధమే లేదు. అయితే కత్తికి అసలు వాటా లేదని అనలేను. కుట్టు పడిన చోట మచ్చ లోపలికి అంటుకుపోతే, దాని పైనున్న వదులు చర్మం మడతలాగా కిందికి వేలాడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణలో నూటికి 61, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్లే. అన్నీ అవసరమైనవేనా అన్నది మరో ఉత్తరానికి జవాబు. కానీ ఇన్ని ఇళ్ళలో కోత పడ్డాక, పొట్ట నేరం కూడా కోత మీదికే పోతోంది.

ఇక గుడ్డ కట్టుకోవడం. కాన్పు కొత్తలో నడుముకు ఆసరాగా హాయిగా వుంటుంది, దగ్గినప్పుడు కుట్లకు బాధ తగ్గుతుంది. అంతవరకే. జరిగిన కండరాలను దగ్గరకు చేర్చదు. మరీ బిగిస్తే కటి కింది కండరాల మీద బరువు పడుతుంది. మీరు కట్టుకోకపోవడం వల్ల పోయిందేమీ లేదు.

మీ పొట్ట ఎత్తు దేనివల్లో ముందు తెలియాలి. చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. బొడ్డు మీద వేళ్ళు అడ్డంగా ఆనించి, తల మాత్రం కొద్దిగా పైకెత్తండి. మధ్యలో రెండు వేళ్ళకు మించి దిగుతుంటే కండరాలు ఇంకా ఎడంగా వున్నాయన్నమాట. బొడ్డుకు పైనా, కిందా కూడా చూడండి. వేళ్ళు దిగకుండా, రెండు చేతులా పట్టుకుంటే గుప్పెడు వస్తుంటే అది కొవ్వు. దగ్గినప్పుడు బొడ్డు దగ్గరో, కుట్టు దగ్గరో ఒకేచోట ఉబ్బు లేచి, పడుకుంటే అణిగిపోతుంటే అది హెర్నియా కావచ్చు. అందం సంగతి పక్కనపెట్టి జనరల్ సర్జనుకు చూపించండి. ఆ ఉబ్బు అణగకుండా గట్టిపడి, నొప్పీ వాంతులూ వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు.

కండరాల ఎడం కాన్పు తర్వాత మొదటి రెండు నెలల్లో ఎక్కువగా తగ్గుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ఫిజియోథెరపిస్టు దగ్గర రెండు మూడుసార్లు కూర్చుని సరైన వ్యాయామాలు నేర్చుకోండి. ఊపిరి వదులుతూ పొత్తికడుపును లోపలికి లాగడం, మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలను బిగించి వదలడం వాటిలో మొదటివి. పడుకుని ఒక్కసారిగా లేచే బస్కీలు ఇప్పుడే మొదలుపెట్టకండి, అవి మధ్యలో ఉబ్బును పెంచవచ్చు. ఎడం పూర్తిగా మూసుకోకపోయినా నడుంనొప్పి తగ్గుతుంది, పొట్టకు బలం వస్తుంది. సాగి ముడతలు పడిన చర్మాన్ని మాత్రం ఏ వ్యాయామమూ, ఏ నూనే వెనక్కి తీసుకురాలేవు. నూనెల మీద డబ్బు పెట్టకండి.

ఆ చర్మానికీ, మూసుకోని ఎడానికీ పనికొచ్చేదే మీరు అడిగిన ఆపరేషను. ఇది నిన్నటిది కాదు. అమెరికాలో కెల్లీ అనే స్త్రీవ్యాధుల సర్జన్ 1899లోనే ఇలాంటిది చేశాడు. పూర్తి మత్తు ఇచ్చి, పొత్తికడుపు కింద ఒక తుంటి నుంచి రెండో తుంటి దాకా కోస్తారు. కండరాలను దగ్గరకు లాగి కుడతారు. మిగులు చర్మాన్నీ కొవ్వునూ తీసేసి, బొడ్డును కొత్తచోట అమరుస్తారు. రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. పాత సిజేరియన్ మచ్చ చాలావరకు దీంతోనే పోతుంది. దానికి బదులు అంతకంటే పొడుగు మచ్చ వస్తుంది. మీ ఒంటికి మచ్చలు ఉబ్బెత్తుగా లేచే స్వభావం వుంటే ముందే చెప్పాలి. బరువు తగ్గించే ఆపరేషను మాత్రం ఇది కాదు.

"నెల తిరక్కుండా" అన్న మాట దగ్గర ఆగండి. మొదటి వారం పది రోజులు నడుము వంచే నడవాలి. లోపల చేరే నీరు పోవడానికి కొద్దిరోజులు గొట్టాలు వుంటాయి. పొట్టకు ఆరు వారాల దాకా బిగుతు పట్టీ. ఆ ఆరు వారాలూ బరువెత్తకూడదు. నిండు బిందె ఎత్తకూడదు, గ్యాసు సిలిండరు జరపకూడదు, పిల్లవాణ్ణి చంకనెత్తుకోకూడదు. ఏడాదివాడు చేతులు చాచి ఏడుస్తుంటే ఎత్తుకోకుండా వుండగలరా? ప్రకటనలో ఈ సంగతి వుండదు.

ప్రమాదాలూ చెప్పాలి. చీము పట్టడం, నీరు చేరడం, కుట్టు మానకపోవడం వుంటాయి. చక్కెరవ్యాధి వున్నవారికీ, పొగతాగేవారికీ ఇవి ఎక్కువ. బొడ్డు కింద కొంతమేర స్పర్శ వుండదు. అరుదే గానీ అన్నిటికంటే భయపడవలసినది, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం. ఆపరేషను తర్వాత పిక్క వాచి నొప్పి పెట్టినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆస్పత్రికి పోవలసిందే.

కాబట్టి బిడ్డ పాలు మాన్పించాక ఆరు నెలలు గడవనివ్వండి. బరువు కొన్నాళ్ళు ఒక్కచోట నిలబడాలి. రక్తం తక్కువగా వుంటే సరిచేసుకోవాలి. అప్పటికీ చర్మం వేలాడుతుంటే, మనసుకు అదే బాధగా వుంటే, చేయించుకోవడం తప్పేమీ కాదు. సోకు అనేవాళ్ళు అంటారు, అననివ్వండి. అయితే సర్జనుకు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. లేదా డి.ఎన్.బి. పట్టా వుండాలి. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్లో పేరు నమోదైందో లేదో చూడండి. మత్తు డాక్టరు ఎవరో, రాత్రిపూట ఏదైనా అయితే ఎవరు చూస్తారో అడగండి. అడిగితే చిరాకుపడే చోట చేయించుకోవద్దు. కేవలం అందం కోసమైతే ఆరోగ్యబీమా సాధారణంగా డబ్బు ఇవ్వదు. ఆస్పత్రి చెప్పే మొత్తంలో మందులూ, పట్టీలూ, మళ్ళీ మళ్ళీ రావలసిన ఖర్చూ కలిశాయో లేదో రాయించుకోండి.

మీవారికి చెప్పండి. అనుమతి కోసం అనడం లేదు. గాజులు మీవి, ఒళ్ళు మీది. కానీ ఆరు వారాలు పిల్లవాణ్ణి ఎత్తుకునేది ఆయనో, మీ అత్తగారో, మీ అమ్మగారో తేలకుండా ఆస్పత్రికి తేదీ ఇవ్వకండి.