ఆ బొమ్మలోని మనిషి పేరేమిటి?

మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్న ఆదివాసీ. పెన్సిల్ బొమ్మ. వెనక ఇల్లు లేదు, చెట్టు లేదు, తోడు మనిషి లేడు. కింద ‘గిరిజన వృద్ధుడు’ అని ఉంటుంది, పక్కన చిత్రకారుడి సంతకం ఉంటుంది. సభల ఆహ్వానాల మీద, పుస్తకాల అట్టల మీద ఇలాంటి బొమ్మలే. మన పుస్తకాల అట్టల మీదా ఇవే.

ఆ మనిషి పేరేమిటి?

పేరుతో పనేముంది, అది మానవుడి ఒంటరితనానికి ప్రతీక అంటారు. ఆ ఒంటరితనం ఆయన తెచ్చుకున్నది కాదు. పక్కనున్న వాళ్లను, వెనకున్న గూడేన్ని గీయకుండా వదిలేస్తే వచ్చింది. అడవిలో చెట్టు కొడితే కేసు రాయడానికి మన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు అన్నీ కావాలి. బొమ్మకు మాత్రం ఏదీ అక్కర్లేదు!

పేరు వేస్తే బొమ్మ విలువ తగ్గుతుందనే వాళ్లకు ఒక సంగతి. ఆధునిక చిత్రకళకు దారి వేసిన వాన్ గో 1882లో హేగ్ నగరంలో ఒక ముసలాయనను పెన్సిల్‌తో గీశాడు. కుర్చీలో కూర్చుని, పిడికిళ్లలో ముఖం దాచుకున్న మనిషి. వృద్ధుల ఆశ్రమంలో ఉండేవాడు, చొక్కా చేతిమీద 199 అనే నంబరు. తర్వాతి పరిశోధకులు ఆయన పేరు తేల్చారు: అడ్రియానస్ జాకోబస్ జౌడర్లాండ్. పేరు తెలిశాక ఆ బొమ్మ విలువేమీ తగ్గలేదు. మన వాళ్ల పేర్లు వెతికిందెవరు?

మన సవరల ఇడితల్ చూడండి. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఆ బొమ్మల్లో మనుషులు గీతల్లా ఉంటారు. కళ్లు, ముక్కు ఉండవు. అయినా అది ఏ పెద్దల కోసం, ఏ దేవత కోసం వేశారో ఆ ఇంటివాళ్లకు తెలుసు. ఇక్కడేమో ముఖం మీద ప్రతి ముడతా గీస్తారు, మనిషెవరో తెలియదు. ఏది మనిషిని గౌరవించిన కళ?

గీయొద్దని అనడం లేదు. గీసేముందు అడగండి. పేరు, ఊరు రాయండి. పేరు వద్దంటే, వద్దన్నారని రాయండి. బొమ్మ అమ్ముడుపోతే కూర్చున్నవాళ్లకూ వాటా ఇవ్వండి. మన సంపాదకులకూ ఒక మాట: మనిషి ఎవరో తెలియని బొమ్మ వచ్చే సంచిక అట్ట మీద వద్దు. అట్ట ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు.