ఎన్నిక వాదం పరాయి సరుకు కాదు

దేవుడు కొందరిని లోకం పుట్టకముందే కృపతో ఏర్పరచుకున్నాడా (ఎన్నిక), లేక సువార్త విన్న మనిషి తన ఇష్టంతో దేవుణ్ణి ఎంచుకుంటాడా (స్వేచ్ఛాచిత్తం) అన్న వివాదం క్రైస్తవంలో పదహారు వందల ఏళ్లుగా నడుస్తోంది. పెదవేగి, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల సంఘాల్లో దీని గురించి ఒక అభిప్రాయం పాతుకుపోయింది. ఇది యూరప్ వాళ్ల తగువనీ, మిషనరీల పెట్టెలతో పాటు ఓడ దిగిందనీ, ప్రార్థనా ప్రవర్తనా ఉన్న విశ్వాసికి ఈ పంచాయితీతో పనిలేదనీ దాని సారాంశం. పాస్టర్లూ ఇదే చెబుతారు, చదువుకున్న విశ్వాసులూ ఇదే చెబుతారు. ఈ అభిప్రాయం తప్పు. పైగా, ఇక్కడి క్రైస్తవుల్లో అత్యధికులకు పూర్వీకులైన మాల, మాదిగలు క్రైస్తవులు కావాలని తీసుకున్న నిర్ణయాన్ని చరిత్రలోంచి చెరిపేస్తున్నది కూడా ఇదే.

వివాదం పుట్టింది పడమటనే, అందులో సందేహం లేదు. మనిషి తన ప్రయత్నంతో ధర్మమార్గంలో నడవగలడన్న పెలేజియస్‌ను ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీన్ ఎదిరించాడు. 418లో కార్తేజి సభ పెలేజియస్ బోధను ఖండించింది. 1524లో స్వేచ్ఛాచిత్తాన్ని సమర్థిస్తూ ఎరాస్మస్ పుస్తకం రాస్తే, మనిషి చిత్తం బందీ అంటూ మరుసటి ఏడే లూథర్ బదులు రాశాడు. కాల్విన్ అనుచరుల్లోనే చీలిక వచ్చి, 1618–19లో డార్ట్ సభ మనిషి స్వేచ్ఛకు చోటిచ్చిన ఆర్మీనియస్ పక్షాన్ని తోసిపుచ్చింది. కతోలికుల్లో డొమినికన్లకూ జెస్యూట్లకూ ఇదే విషయంపై జరిగిన సుదీర్ఘ విచారణను 1607లో ఐదవ పౌలు పోపు ఏ పక్షానికీ తీర్పివ్వకుండానే ముగించాడు. రెండు బోధలకూ సంఘంలో చోటుండవచ్చన్న ఆ నిర్ణయంలోని వివేకానికి దక్కాల్సిన గౌరవం దక్కలేదు.

ఈ పక్షాలన్నీ ఒకదానికొకటి బస్సు దూరంలో నిలబడి ఉన్న నేల మన ఏలూరు, గోదావరి ప్రాంతం. ఏలూరులో 1854లో సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) కేంద్రం ఏర్పడింది. దాని వెనుక ఉన్న ఆంగ్లికన్ సంఘపు 39 సూత్రాల్లో పదిహేడవది ఎన్నిక గురించే. గోదావరి ఒడ్డున 1844లో రాజమండ్రిలో మొదలైన జర్మన్ పని తర్వాత అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. రక్షణ పూర్తిగా దేవుని ఎన్నిక వల్లనే, నాశనం మాత్రం మనిషి చేజేతులా తెచ్చుకునేదే అని లూథరన్లు 1577 నాటి ఒప్పంద పత్రంలో రాసుకున్నారు. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో భారతదేశానికి వచ్చిన బౌడెన్, బీర్‌లతో నరసాపురం, పాలకొల్లు వైపు బ్రదరన్ సంఘాలు మొదలయ్యాయి. కొల్లేటి అంచున ఆకివీడులో 1880లో జాన్ క్రెయిగ్‌తో కెనడా బాప్టిస్టుల పని మొదలైంది. ఏలూరు కతోలిక మేత్రాసనం 1976లో ఏర్పడింది. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం పుట్టినప్పుడు పదిహేడవ సూత్రం ఎరిగిన ఆంగ్లికన్లు, కాల్విన్ వారసులైన ప్రెస్బిటేరియన్లు, ఎన్నిక సిద్ధాంతాన్ని 1739లోనే ఘాటుగా ఖండించిన వెస్లీ అనుచరులు ఒకే కప్పు కిందికి వచ్చారు. వాళ్లలో ఎవరినీ ఈ విషయంలో తమ మాట వదులుకొమ్మని అడగలేదు. కనుక తెలుగు సంఘాలు ఈ వివాదాన్ని ఎరగవనడం కుదరదు. ఎరిగీ పిల్లలకు చెప్పడం మానేశాయి.

పరాయిదన్న వాదన అసలు కూలిపోయేది మిషనరీల కంటే వెనక్కి వెళ్లినప్పుడు. చరిత్రకారులు పెదవేగిగా గుర్తించిన వేంగీపురాన్ని ఏడవ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ తన ఆంధ్రదేశ వర్ణనలో రాజధానిగా పేర్కొన్నాడు. ఆయన అనుసరించిన యోగాచార సంప్రదాయం జీవుల్ని ఐదు గోత్రాలుగా విభజిస్తుంది. చివరి గోత్రం వారిలో ముక్తి బీజమే లేదు. ఎంత సాధన చేసినా వాళ్లు బయటపడరు. ఇది ఆయనకు పుస్తకాల్లో చదివి వదిలేసిన విషయం కాదు. తనలో బుద్ధత్వ బీజం ఉందో లేదో తెలియక, అవలోకితేశ్వరుని విగ్రహం ముందు నిలబడి, బీజం ఉంటే ఈ దండ నీ మెడలో పడాలి అని మొక్కుకుని పూలదండ విసిరాడని ఆయన జీవిత చరిత్ర చెబుతుంది. నేను ఏర్పరచబడిన వాడినేనా అని కాల్విన్ అనుచరులు రాత్రంతా మేలుకుని వేసుకున్న ప్రశ్న, వేంగిని చూసిన ఈ భిక్షువుకు తొమ్మిది వందల ఏళ్ల ముందే నిద్ర పట్టనివ్వలేదు.

శ్రీవైష్ణవంలోనూ ఇదే చీలిక వచ్చింది. పిల్లి తన కూనను నోట కరచుకుని మోసినట్టు దేవుడే జీవుణ్ణి మోస్తాడని తెంగలైలూ, కోతిపిల్ల తల్లిని పట్టుకున్నట్టు జీవుడూ పట్టుకోవాలని వడగలైలూ వాదించారు. మధ్వాచార్యుడైతే కొందరు జీవులు స్వభావం చేతనే ఎన్నటికీ ముక్తికి అర్హులు కారన్నాడు. కృప ముందా ప్రయత్నం ముందా అన్న ప్రశ్న తెలుగువాడికి కొత్తదనేవారు ఈ దేశపు మఠాల్లో శతాబ్దాలుగా జరిగిన చర్చల్ని ఎవరి ఖాతాలో వేస్తారు?

అయితే ఇక్కడ ఆ ప్రశ్న అసలు రూపం దాల్చింది మఠాల్లో కాదు, మాలపల్లెల్లో, మాదిగవాడల్లో. ఒంగోలు ప్రాంతపు మాదిగ తోళ్ల వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడు కాకముందే యోగమార్గంలో గురువుల్ని ఆశ్రయించి సత్యం కోసం తిరిగిన మనిషి. వ్యాపారం మీద ఉత్తర దిక్కుకు వచ్చినప్పుడు ఏలూరులో సీఎంఎస్ మిషనరీ అలెగ్జాండర్ బోధ విన్నాడు. విని ఊరుకోలేదు. వెనక్కి వెళ్లి తనవాళ్లకు చెప్పాడు, తనకు బోధించేవారి కోసం వెతికాడు, 1866లో భార్యతో పాటు బాప్తిస్మం పొందాడు. ఆ తర్వాత ఒంగోలు వైపు సంఘంలో చేరినవారంతా ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్న నియమాలు. కానీ మాదిగ ఆదివారం పనికి రానంటే ఆసామి పొలం ఆగుతుంది. జాతరలో డప్పు కొట్టనంటే ఊరి పండగే ఆగుతుంది. దానికి బదులుగా ఊరు పని ఆపేసింది, నీళ్లు ఆపేసింది, తిట్టింది, కొట్టింది. డప్పు దించి పక్కన పెట్టిన ఆ చేతికి స్వేచ్ఛాచిత్తం లేదని చెప్పాలంటే చాలా ధైర్యం కావాలి.

అప్పటి కృష్ణా జిల్లా రాఘవాపురం మాల పెద్ద పగోలు వెంకయ్య కథ ఇంకో వైపు నుంచి అదే ప్రశ్న వేస్తుంది. విగ్రహాలు వట్టివని గ్రహించి, పేరు తెలియని దేవుణ్ణి నువ్వెవరో చూపించుకొమ్మని ఆయన ఏళ్ల తరబడి వేడుకున్నాడు. 1859లో బెజవాడలో మిషనరీ డార్లింగ్‌ను కలిశాడు. ఆయన వెనక రాఘవాపురం, చుట్టుపక్కల పల్లెలు కదిలాయి. వెతికింది వెంకయ్యా, వెంకయ్యను వెతికింది దేవుడా? అగస్టీన్ అయితే ఆ వెతుకులాటే కృప చేసిన పని అంటాడు. వెస్లీ కూడా ప్రతి మనిషిలో ముందుగా పనిచేసే కృప ఉందంటాడు. ఈ రెండు జవాబులూ వెంకయ్యను చిన్నబుచ్చవు. ఆయన్ను చిన్నబుచ్చేది మూడో జవాబు: మాలలు బియ్యం కోసం మతంలో కలిశారన్నది.

ఆ మూడో జవాబుకే చదువుకున్న వాళ్లలో చలామణి ఎక్కువ. 1852లో మచిలీపట్నం నోబుల్ పాఠశాలలో చదివిన బ్రాహ్మణ యువకుడు మంచాల రత్నం బాప్తిస్మం తీసుకుంటే దాన్ని ఆత్మసంఘర్షణ అని రాశారు. మాల, మాదిగలు తీసుకుంటే సామూహిక ఉద్యమం అన్నారు, వరద గురించి రాసినట్టు రాశారు. ఒకే బాప్తిస్మంలో ఒకరికి చిత్తం ఉంది, మరొకరికి ఆకలి మాత్రమే ఉంది! 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు, కూలి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆ పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మంది నీటిలోకి దిగింది ఆ తర్వాతే. అందరి మనసులూ కల్తీలేనివని ఎవరూ అనలేరు. ఆశ కలిసిన నిర్ణయం కూడా నిర్ణయమే. ఇంగ్లీషు ఉద్యోగం కోసం మిషన్ బడికి పిల్లల్ని పంపిన అగ్రకులాల నిర్ణయాన్ని ఎవరూ అమ్ముడుపోవడం అనలేదు.

ఈ చిన్నచూపు చాలా పైదాకా వెళ్లింది. 1936లో అమెరికన్ క్రైస్తవ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ గాంధీ, ఆవుకు సువార్త ప్రకటిస్తారా అని అడిగి, మతాల తారతమ్యం గ్రహించడంలో అంటరానివారిలో కొందరు ఆవు కంటే మెరుగు కాదన్నాడు. దోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య తన కళ్లముందు పల్లెలకు పల్లెలు మారడం చూసినవాడు. వారిది వివేకంతో తీసుకున్న నిర్ణయమేనని ఆయన నిలబడి వాదించాడు. స్వేచ్ఛాచిత్తం ఎవరికి ఉంది అన్న చర్చకు ఇంతకంటే సూటి అయిన రూపం యూరప్‌లో ఎక్కడుంది?

పల్లె అంతా కలిసి తీసుకున్న నిర్ణయం స్వేచ్ఛగా తీసుకున్నది కాదన్న అభ్యంతరం మరొకటి. ఇది ఒంటరి మనిషిని మాత్రమే మనిషిగా లెక్కించే అలవాటు నుంచి వచ్చింది. రోమీయులకు రాసిన పత్రిక తొమ్మిది నుంచి పదకొండు అధ్యాయాల్లో పౌలు యాకోబు, ఏశావుల పేర్లెత్తినా, ఆయన్ని పీడించిన ప్రశ్న ఇశ్రాయేలు జనాంగం సంగతేమిటి, అన్యజనుల సంగతేమిటి అన్నదే. అక్కడ ఎన్నిక జనానికి సంబంధించింది. ఆ భాగాన్ని ఒక్కొక్కరి పేర్లు రాసుకున్న రెండు జాబితాలుగా చదివిన డార్ట్ పండితుల కంటే, పెద్దల ముందు రాత్రుళ్లు కూర్చుని తర్జనభర్జన పడి ఒక మాట మీదికి వచ్చిన మాలపల్లె పౌలుకు దగ్గరగా ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో కార్ల్ బార్త్ ఆ జాబితాల్ని తోసివేసి, ఏర్పరచబడినవాడు మొదట క్రీస్తే, ఆయనలోనే మిగతా అందరూ అని తిరగరాశాడు.

చర్చ వద్దనుకున్న చోట దాని స్థానంలోకి తలరాత వచ్చి కూర్చుంది. ఇదే పెద్ద నష్టం. పరీక్ష పోతే దేవుని చిత్తం, చిన్న వయసులో చావు వస్తే దేవుని చిత్తం, వరదొస్తే దేవుని చిత్తం. కొల్లేటిలో చేపల చెరువుల గట్లు నీటి దారిని మూసేశాయి. 2006లో ప్రభుత్వం ఎన్నో గట్లు కొట్టేసినా ఆక్రమణల సమస్య తీరలేదు. మనిషి కట్టిన గట్టు వెనక నిలిచిన నీటిని దేవుడి మీదికి నెట్టడం ఎన్నిక సిద్ధాంతం కాదు, దాని మీద నింద. బైబిలు చెప్పే ఎన్నిక అబ్రాహాముతో మొదలవుతుంది. ఒకణ్ణి పిలిచింది అతని ద్వారా సమస్త వంశాలూ దీవెన పొందాలని. తలరాత పని అప్పగించదు, ఎన్నిక అప్పగిస్తుంది. పుట్టుకనూ పూర్వజన్మ పుణ్యాన్నీ అర్హతగా అడగని కృప అన్న మాటకు కులం కింద నలిగిన వాడలో ఉన్న బలం కాల్విన్ బోధించిన జెనీవాలో ఎన్నడూ లేదు.

స్వేచ్ఛాచిత్తం పక్షం కూడా ఇక్కడ పలచబడిపోయింది. ఉజ్జీవ సభల్లో చేతులెత్తిన వారిని లెక్కపెట్టి ఆత్మలు రక్షింపబడ్డాయని ప్రకటించడం పేరయ్య చెల్లించిన వెలను మరిచిపోవడమే. ఆ వెలను చట్టం మాత్రం మరిచిపోలేదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మొదట హిందువులకే ఆ హోదా ఇచ్చింది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో విస్తరించింది. క్రైస్తవుడైన మాలకూ మాదిగకూ ఇప్పటికీ అది లేదు. ఆంధ్రప్రదేశ్‌లో బీసీ–సీ కింద ఒక శాతం రిజర్వేషన్ మిగిలింది. అంటే సమాజం వాళ్లకు చిత్తమే లేదంటుంది, చట్టం వాళ్ల చిత్తానికి పూర్తి మూల్యం వసూలు చేస్తుంది. ఈ రెండింటిలో ఏదో ఒకటే నిజం కాగలదు.

1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను లూథరన్లు, బాప్టిస్టులు, దక్షిణ ఇండియా సంఘం, మెథడిస్టులు కలిసే పెట్టారు. డార్ట్, వెస్లీ, లూథర్ అలాంటి చోట పాఠాలే. పల్లెల్లో నిర్ధారణ తరగతులకు వచ్చే పిల్లలకు ఆ పాఠం అందాలి. అందులో అగస్టీన్ పక్కన రాఘవాపురం వెంకయ్య, ఎరాస్మస్ పక్కన ఏలూరులో మాట విన్న పేరయ్య ఉండాలి.